లెక్కలో తేలిన ‘ఊఁ’

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. కంప్యూటర్లో ఏదైనా వింతగా కనిపిస్తే ముందు నా ప్రోగ్రాంలో తప్పు వెతుక్కునే మనిషిని. ఆ రోజూ అదే చేశాను.

మాది హిందీ మాట్లాడే బిలాస్‌పూర్. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరారు. నాన్న రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు రాజ్‌కిశోర్ నగర్‌లో మేమిద్దరమే ఉంటున్నాం. అమ్మ పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి నాన్న నోరు విప్పడమే తక్కువ.

నేను ఇంటి నుంచే ప్రోగ్రామింగ్ పని చేస్తాను. మా ఇంటి తెలుగులో హిందీ పాలెంతో, శ్రీకాకుళం పాలెంతో తెలుసుకోవాలనిపించింది. నాన్న కబుర్లు రికార్డు చేసి, రాతలోకి మార్చి, మాటలుగా విడగొట్టి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడదామనుకున్నాను. ఆ వంకన ఆయన కాస్త మాట్లాడతారని ఆశ.

నేను ఎదురుగా కూర్చుంటే ఆయనకు మాట రాలేదు. “నువ్వు బజారుకెళ్లి రామ్మా, నానొక్కడినీ సెప్పుకుంతాను” అన్నారు. ఫోను ముందు పెట్టి, తలుపు దగ్గరగా వేసి గోల్ బజార్ వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇంకా చెబుతూనే ఉన్నారు. ముఖం తేటగా ఉంది.

రికార్డింగును రాతగా మార్చే సాఫ్ట్‌వేర్‌కిచ్చి, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. మొదటిసారి గుణింతాలన్నీ ఊడిపోయాయి. ‘నాన్న’ అనే మాట మూడు ‘న’లుగా ముక్కలైంది. తెలుగుతో ఈ తంటా మామూలే. ఖాళీల దగ్గర మాత్రమే విడగొట్టేలా సరిచేశాను.

ఈసారి మాటలు సరిగ్గా వచ్చాయి. అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన మాట ‘ఊఁ’.

నాన్నకు ‘అచ్ఛా’ అలవాటుంది కానీ ఊఁ అనే అలవాటు లేదు. అది కథ వినేవాళ్లు అనే మాట. రాతలో వెతికితే దాదాపు ప్రతి వాక్యం చివరా ఉంది. రికార్డింగు పెట్టుకుని విన్నాను. ఆ చోట్లలో ఫ్యాను చప్పుడే తప్ప మరేమీ లేదు. ఫ్యాను చప్పుడునే ఊఁ అని రాసిందేమోనని, అదే గదిలో అదే ఫ్యాను కింద నేనొక్కదాన్నే మాట్లాడి రికార్డు చేశాను. ఒక్క ఊఁ కూడా రాలేదు.

నాన్న కబుర్లలో నేను పుట్టిన రోజు సంగతి ఉంది. ఆ రోజు ఆయన గూడ్సు బండి మీద డ్యూటీలో ఉన్నారట. “రాయగఢ్‌లో ఉండగా కబురొచ్చింది” అన్నారు. రాతలో దాని కింద విడిగా ఒక వరుస ఉంది: “కాదు, చాంపా.” ఆ తర్వాత మళ్లీ నాన్న మాట: “అచ్ఛా, అవునవును, చాంపాలోనే.”

రికార్డింగులో రాయగఢ్ అన్నాక కాసేపు నిశ్శబ్దం. తర్వాత నాన్న “అవునవును” అనడం స్పష్టంగా వినబడుతుంది. మధ్య వరుస మాత్రం ఎంత సౌండు పెంచినా లేదు. తర్వాత వచ్చిన చాంపాను సాఫ్ట్‌వేర్ ముందుకు లాగిందేమో అనుకోవచ్చు. కానీ నాన్న ఎవరికి అవునన్నారు?

వెళ్లి అడిగాను. ఆయన టీ తాగుతున్నారు.

“మీ అమ్మకి. నాను ఊరి పేర్లు తప్పు సెప్తే ఊరుకుంతాదేటి?”

“నీకు వినబడిందా నాన్నా?”

“ఏటమ్మా, నీకు ఇనబడనేదా?” అని నా వైపు వింతగా చూశారు. “ఊఁ కొట్టేవోలు నేకపోతే అంతసేపు ఎలా సెప్తాను?”

ఆయన మతి బాగానే ఉంది. ఇంటి లెక్కలూ మందుల వేళలూ అన్నీ ఆయనే చూసుకుంటారు. తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చి చూశాను. అది ఒక్క ఊఁ కూడా రాయలేదు. మొదటి దానికే మళ్లీ ఇస్తే మళ్లీ అవే చోట్ల రాసింది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇలాంటి లెక్కల్లో ఊఁ, ఆఁ వంటివి పనికిరాని మాటలని ముందే తీసేస్తాం. ప్రోగ్రాంలో ఒక్క వరుస చేరిస్తే చాలు. ఆ వరుస నేనింకా రాయలేదు.