మరచెంబులో సముద్రం

నా చిన్నప్పుడు మా నాయనకు ఇద్దరు దేవుళ్ళని మా అవ్వ ఎగతాళి చేసేది. ఒకరు తిరుత్తణి కొండమీది స్వామి, రెండోది సముద్రం. మాది ఆ కొండ కింద బజారు వీధిలో పచారీ అంగడి. నాయన పుట్టింది మాత్రం పళవేర్కాడు దగ్గర, అలల పక్కన. అమావాస్య వస్తే అంగడి మూసి, మమ్మల్నందరినీ రైలెక్కించి మద్రాసుకు స్నానానికి తీసుకుపోయేవాడు. అల మీదికి వచ్చినప్పుడల్లా చిన్నపిల్లవాడిలా కేక పెట్టి మునిగేవాడు.

నాకు తొమ్మిదో ఏట అమ్మ కడుపుతో ఉంది. భార్య గర్భవతిగా ఉన్నన్నాళ్ళూ భర్త సముద్రస్నానం చేయకూడదని శాస్త్రం. మా భజన గోష్ఠిలో శనివారాలు పురాణం చదివేది నాయనే కాబట్టి, ఆ మాటను అక్షరాలా పాటించాడు. అమ్మకు ఎనిమిదో నెలలో సరుకు కోసం మద్రాసు పోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. సాయంత్రం సముద్రం దగ్గర తడి ఇసుకకు పది అడుగుల ఇవతలే ఆగిపోయాడు. "నువ్వు పో అమ్మణ్ణీ, కాళ్ళు తడుపుకోని రా. నేను ఈడనే ఉంటా" అన్నాడు. ఆ కళ్ళు చూస్తే నాకు దుఃఖం వచ్చింది. ప్రయాణానికి తెచ్చుకున్న మరచెంబులో మిగిలిన మంచినీళ్ళు పారబోసి, సముద్రపు నీళ్ళు నింపి, మర బిగించి, సంచిలో దాచాను. మర్నాడు పొద్దున ఆయన స్నానానికి పెట్టుకున్న బకెట్లో కుమ్మరించాను. ఆయన పోకూడదు గాని, సముద్రమే ఇంటికి వస్తే తప్పేమిటి అనుకున్నాను.

మూడు వారాలకు తమ్ముడు పుట్టాడు. మంత్రసాని ఎంత తట్టినా ఏడవలేదు.

అవ్వ వాకిట్లో కూర్చుని నాయనను నిలదీసింది. "నీ ఆశ పాడుగాను! సముద్రం కాడికి యాలరా పోయినావు? నీళ్ళు తగల్లేదంటే ఎవురు నమ్మేది?" నాయన తల వంచుకున్నాడు. నీళ్ళు తగిలాయని నాకు తెలుసు. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు.

పురుడు తీరి, దేవుడి పటం ముందు మళ్ళీ దీపం పెట్టిన రోజు నాయన నన్ను దగ్గరికి పిలిచాడు. అంతా చెప్పేసి, "తమ్ముణ్ణి నేనే చంపినాను నాయనా" అని ఏడ్చాను. ఆయన నా కళ్ళు తుడిచాడు. తర్వాత దీపం వైపు చెయ్యి చాపాడు. "పిచ్చిదానా, నేను ఆ నీళ్ళు పోసుకుంటే గదా! ఉప్పు వాసన కొడతా ఉంటే మునగచెట్టుకు పారబోసినా. ఒక్క చుక్క నా మింద పడలే. స్వామి మింద ఆన. పో, పోయి అన్నం తిను." ఆ పూట మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను.

తర్వాత ఆయన సముద్రానికి పోలేదు. అమావాస్యలు వచ్చాయి, పోయాయి. గోష్ఠిలో పురాణం చదవడం కూడా మానుకుని, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా చివరి వరుసలో కూర్చునేవాడు. గొంతు పోయిందని అందరికీ చెప్పాడు. నేనూ నమ్మాను.

నాకు పెళ్లయిన రెండేళ్ళకు ఆయన కన్నుమూశాడు. అన్నేళ్ళ తర్వాత ఆయన మళ్ళీ సముద్రానికి పోయింది అస్థికల కుండలోనే. నిమజ్జనం చేసి వచ్చిన సాయంత్రం అమ్మ చెప్పింది. "ఆ పొద్దు ఆ నీళ్ళు పోసుకోని తల తుడుచుకుంటా బయటికొచ్చి, 'నా బిడ్డ నాకోసరం సముద్రాన్నే మోసుకొచ్చినాదే' అని ఎంత నవ్వినాడో! తానున్నంతవరకూ నీకు చెప్పొద్దన్నాడు."

శాస్త్రం తప్పని నేను ఈనాటికీ అనను. ఆ బిడ్డ ఎందుకు పోయాడో స్వామికే తెలుసు. కానీ సత్యం గురించి ఊరందరికీ చదివి చెప్పిన మనిషి, ఒక పిల్ల చేత అన్నం తినిపించడానికి స్వామి ముందే అబద్ధమాడాడు. దానికి శిక్ష తనే వేసుకున్నాడు. ఇప్పుడు గోష్ఠిలో పురాణం చదివేది నేను. ఆడిన మాట తప్పని రాజుల కథ వచ్చినప్పుడు నా చూపు చివరి వరుస మీదికి పోతుంది.

అమావాస్య స్నానానికి పోయినప్పుడు ఆ మరచెంబు తీసుకుపోతాను. ముందు దాన్ని నింపి, తడి ఇసుక దాటి పది అడుగులు వెనక్కి నడిచి, ఆయన ఆనాడు నిలబడినంత దూరంలో పోస్తాను. ఆ తర్వాతే నేను నీళ్ళలోకి దిగుతాను.