ఆల్ట్‌నహారా దాటాక టీ తాగవచ్చునా: ఒక స్థల తనిఖీ

ఉపగ్రహాలను ఆకాశంలోనూ, గొర్రెలను ఉత్తర స్కాట్లాండ్ రోడ్ల మీదనూ స్వేచ్ఛగా వదిలిపెట్టిన సంబంధిత అధికారులకు, వారు ఎవరైనప్పటికీ, సవినయంగా విన్నవించుకోవడమేమనగా: మొబైల్ సిగ్నల్ లేని దారుల్లో, శాటిలైట్ ట్రాకరును నమ్ముకుని, ఒంటరిగా సైకిలు తొక్కదలచిన వారి ఉపయోగార్థం ఈ వృత్తాంతం సమర్పించడమైనది. ఇందులో ఒక మరణం ఉన్నది. దానిని తొలగించి రాయడానికి ప్రయత్నించాను, ఏమీ మిగలలేదు.

నిరుడు మే నెలలో మా బావగారు లేర్గ్ నుంచి టంగ్ అనే ఊరికి ఒంటరిగా సైకిలు మీద వెళుతూ, ఆల్ట్‌నహారా అనే పల్లె దాటిన తర్వాత ఒక ఎత్తు మీద గుండె ఆగి పోయారు. హ్యాండిల్‌కు కట్టిన ట్రాకరు ఆయన ఉన్న చోటును పది నిమిషాలకొకసారి ఉపగ్రహానికి చెబితే, అది బేసింగ్‌స్టోక్‌లో మా అక్క ట్యాబ్ మీద ఒక చుక్కగా కనిపించేది. ట్రాకరుకు ఆపద బటన్ కూడా ఉంది. దానిని నొక్కడానికి మనిషికి స్పృహ ఉండాలన్న నిబంధనను మాత్రం ఎవరూ ప్రముఖంగా ప్రకటించలేదు. ఆ రోజు చుక్క గంటన్నర సేపు కదలలేదు. "టీ తాగుతున్నార్లే" అనుకుని అక్క వంటపనిలో పడింది. ఆయన ఆ క్షణంలోనే పోయారనీ, ఎవరు వెళ్ళినా చేయగలిగింది లేదనీ డాక్టరు తర్వాత చెప్పారు. "డాక్టర్లు అందరికీ అదే చెబుతారు" అంది అక్క. ఆమె తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ చుక్క నిలిచినది మనిషన్నవాడు టీకి ఆగే చోటేనా? తనిఖీ అధికారిగా నన్ను నేనే నియమించుకున్నాను. చదువు ఎక్కువ, పిక్కల్లో బలం తక్కువ అన్నవి నా అర్హతలు.

గ్లాస్గోలో పొద్దున ఏడు దాటాక రైలెక్కి, ఇన్వర్‌నెస్‌లో మారితే, పన్నెండున్నరకు లేర్గ్‌లో దిగవచ్చు. నాకు నలభై పౌండ్ల పైచిలుకు అయింది. సైకిలుకు టికెట్ అక్కరలేదు గాని దాని చోటు ముందుగా బుక్ చేసుకోవాలి. ట్రాకరు బావగారిదే, ఆగిపోయిన చందాను పదిహేను పౌండ్లు కట్టి ఒక నెలకు తెరిపించాను. స్టేషన్ బయటి నుంచి ఫోన్ చేస్తే మేనకోడలు ఎత్తింది.

"మామా, మమ్ ఆఫీసుకి లీవ్ పెట్టింది. ట్యాబ్ అస్సలు వదలట్లేదు. షీ హాజంట్ ఈవెన్ ఈటెన్."

వెనక నుంచి అక్క ఫోన్ లాక్కుంది. "ఏరా, తిన్నావా? చుక్క ఇంకా స్టేషన్లోనే ఉందేం?"

"నీతో మాట్లాడుతున్నానక్కా."

"అయితే పెట్టేసి కదులు."

లేర్గ్ నుంచి టంగ్‌కు అరవై కిలోమీటర్లు. ఒక్క బండి మాత్రమే పట్టే రోడ్డు. అక్కడక్కడ ఎదురుబండికి దారివ్వడానికి కాస్త వెడల్పు చేసి, పక్కన ఒక స్తంభం పాతారు. మిగిలినదంతా గోధుమరంగు బీడు, ఎదురుగాలి. దారిలో ఉన్న ఒక సత్రంలో సూపు, రొట్టె, టీ కలిపి తొమ్మిది పౌండ్లు. వంటామెను అధికారికంగా విచారించాను.

"ఆల్ట్‌నహారా దాటాక ఆ ఎత్తు మీద జనం టీకి ఆగుతారా అండీ?"

"ఆ ఎత్తు మీదా?" అని ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "కప్పు మీరు నోటిదాకా తెచ్చేలోపు టీ కాస్తా గాలి తాగేస్తుంది. కిందికి దిగితే సరస్సు ఉంది. బుర్ర ఉన్నవాళ్ళు అక్కడ ఆగుతారు."

సాక్ష్యం ప్రతికూలంగా నమోదైంది. ఆవిడ నా ఫ్లాస్కు మాత్రం నిండా నింపి, డబ్బు వద్దంది.

నాలుగున్నరకు ఆ చోటికి చేరాను. తనిఖీ వివరాలు: ఒక స్తంభం, బురద, గాలికి ఒరిగిన గడ్డి. ఆనుకోవడానికి రాయి లేదు. చూడడానికి దృశ్యం లేదు. ఏ మనిషీ ఇక్కడ టీకి ఆగడు. సైకిలు పడుకోబెట్టి, రోడ్డు అంచున మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాను. ట్రాకరును ఫోనుకు జత చేస్తే చిన్న సందేశాలు వస్తాయి. వచ్చింది.

"ఎందుకు ఆగావు?"

"ఇదే చోటక్కా."

"ఎలా ఉంది?"

జవాబు నా దగ్గర ఉంది. రాసి, చెరిపేశాను. అంతలో దుంగల లారీ ఒకటి వచ్చి నా పక్కన నెమ్మదించింది. డ్రైవరు అద్దం దించాడు.

"టీ బ్రేకా, మిత్రమా?"

ఫ్లాస్కు అప్పటికి సంచిలోనే ఉంది. "అవును" అన్నాను.

"భలే చోటు చూసుకున్నావు!" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ చోట కదలకుండా ఉన్న మనిషిని చూసి, ఏ సంబంధమూ లేని సాక్షి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, అతడు టీ తాగుతున్నాడనే భావించాడు. కేసు గెలిచినంత తొందరలో ఇదంతా అక్కకు రాసి పంపాను. జవాబు వచ్చింది.

"ఆ డ్రైవరు ఆగి అడిగాడు కదరా. నేను అడగలేదు."

అడగకపోవడానికి కారణం నాకు తెలుసు. అంతకుముందు వేల్స్ యాత్రలో చుక్క ఆగినప్పుడల్లా అక్క "ఏమైంది?" అని సందేశం పెట్టేది. బావగారు వాటిని స్నేహితుల వాట్సాప్ గ్రూపులో "మా ఇంటి సీబీఐ" అని పంచిపెట్టారు. అందరూ నవ్వారు. "ఈసారి నేను ఆగితే టీ తాగుతున్నాననుకో, అంతే. అడక్కు" అని ఆమెకు చెప్పి మరీ ఈ దారికి వచ్చారు.

"ఆయనే కదక్కా అడగొద్దంది" అని రాశాను. ఫ్లాస్కు తీసి టీ పోసుకున్నాను. వంటామె చెప్పింది నిజమే. సగం గాలి తాగింది. మిగతా సగం నేను తాగుతుండగా మరో సందేశం వచ్చింది.

"చల్లారకముందే తాగి, కదులు."

కదిలాను. ఏడింటికి టంగ్ చేరాను. హాస్టల్లో మంచానికి ముప్ఫై పౌండ్లు.

ట్రాకరు మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది. ఎలా ఉన్నాడో చెప్పదు. ఆ రెండో సంగతిని ఇంట్లో కూర్చున్నవాళ్ళు ప్రేమతోనో, భయంతోనో, లేదా మనం ఎగతాళి చేసి నేర్పిన మర్యాదతోనో పూరించుకుంటారు. నేను వెళ్ళింది అక్క బరువు దింపడానికి. ఆమె మోస్తున్నది ఏమిటో చూసి వచ్చానంతే. వెళ్ళేవారికి ఒక్క సూచన: బయలుదేరే ముందే, చుక్క ఎంతసేపు కదలకపోతే అడగాలో, జవాబు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో తేల్చుకోండి. అడిగినప్పుడు విసుక్కోకుండా జవాబివ్వండి.

ఇక అధికారులకు లాంఛనంగా దాఖలు చేస్తున్నది:

డిమాండు సంఖ్య 1: అడగకుండా ఊరుకున్న ఆ గంటన్నరను మా అక్క చేసిన నేరంగా గాక, భర్త మాట మన్నించిన సమయంగా నమోదు చేయవలెను.