చిరుగు లోపలికి

మంగళగిరి మెయిన్ బజారులో పన్నెండేళ్ళు చీరలు మడిచిన బాబ్జీకి పారాషూట్ మడవడం ఒక్క పూటలో వచ్చేసింది. నేర్పిన కార్తిక్‌కి రెండేళ్ళయినా రాలేదు. సర్టిఫికెట్ మాత్రం కార్తిక్‌దే. అందుకని తాడేపల్లి వర్క్‌షాపులో ఎనిమిది నెలలుగా బాబ్జీ మడుస్తున్నాడు, కార్తిక్ సంతకం పెడుతున్నాడు.

ఇవి మనుషులు దూకే పారాషూట్లు కావు. మిరపచేలకు మందు కొట్టే డ్రోన్లకు కట్టేవి. గాల్లో మోటారు ఆగిపోతే, పాతిక కిలోల డ్రోన్ కూలీల నెత్తిన పడకుండా మెల్లగా దించాలి. వాటిలో గుండ్రటిది ఒకటి, నాలుగు రెక్కలది ఒకటి, నడుమ పెద్ద చిల్లుండేది ఇంకొకటి. పుస్తకంలో వాటికి బారెడేసి ఇంగ్లీషు పేర్లున్నాయి. బాబ్జీ గొడుగు, కూడికగుర్తు, గారె అనేవాడు. అన్నిటికంటే గారె మడవడం కష్టం. అతనికి అదే ఇష్టం.

తన మడతకు తనే సంతకం పెట్టుకోవాలని బాబ్జీ పరీక్షకు కట్టాడు. కూతురు మహతికి తొమ్మిది నెలలు. పిల్ల కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే రకం అతను. అయినా ఆ నెలంతా పిల్లను భార్య ఉదయశ్రీకి వదిలేసి పుస్తకం పట్టుకున్నాడు.

పరీక్ష పెట్టడానికి త్యాగరాజుగారు వచ్చారు.

"ఇందులో నడుమ చిల్లు దేనికయ్యా?"

"గాలి కొంత పైకి పోవాలండి. లేపోతే ఊగుద్ది."

ఆయన తల ఊపి, ఒక గారె చేతికిచ్చారు. పదకొండు నిమిషాల్లో బాబ్జీ దాన్ని పెళ్ళిచీరలా మడిచి ముందు పెట్టాడు. ఆయన చాలాసేపు మెచ్చుకోలుగా చూశారు. తర్వాత మూడో మడత విప్పి, పొద్దున తను స్వయంగా బ్లేడుతో కోసిన గోరంత చిరుగు మీద వేలు పెట్టారు.

"ఇది కనపళ్ళేదా?"

కనపడింది. కనపడగానే బాబ్జీ చేతులు దాన్ని లోపలికి తోసేశాయి. నేతలో తప్పున్నా, మరకున్నా లోపలి మడతలోకి పోవాలి. కొట్లో అతనికి పేరొచ్చింది అందుకే.

వెనక నుంచి కార్తిక్ గొణిగాడు. "కనపళ్ళేదని చెప్పు. చూడకపోతే రేపే మళ్ళీ పరీక్ష. చూసి దాచావంటే ఆర్నెల్లు రానివ్వరు."

"కనప..." అన్నాడు బాబ్జీ. పోయినవారం పర్చూరులో చూసిన చేను గుర్తొచ్చింది. గట్టు మీద రెండు కర్రలకు పాత చీర ఉయ్యాల. అందులో ఎవరి పిల్లో నిద్రపోతోంది. పైన డ్రోన్.

"చూశానండి. అందుకే లోపలికి పెట్టా."

"అందుకేనా?"

"మంచిది పైకి కనపడాలి గదండీ. చీరల కాడ అలవాటు." వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ఇంకో తొమ్మిదున్నయ్యండి."

"ఏం తొమ్మిది?"

"ఇట్టా మడిచినయ్యి. పర్చూరులో నాలుగు, ఇంకొల్లులో మూడు, రెండు ఇక్కడే బీరువాలో. ఇంకొల్లువాటిల్లో ఒకదానికి కుట్టు పక్కనే చీలింది."

త్యాగరాజుగారు ముందు ఫోన్ చేసి ఆ డ్రోన్లు లేపొద్దన్నారు. తర్వాత రిజిస్టరు తెప్పించారు. తొమ్మిదింటి ఎదురుగానూ 'లోపాలు లేవు', కింద కార్తిక్ సంతకం.

"నీకూ కనపళ్ళేదా?"

"లేదండీ," అన్నాడు కార్తిక్, వానలో తడిసిన మిరపబస్తా మొహంతో. అది నిజమే.

నిబంధనల్లో ఉన్నట్టే జరిగింది. చూడని కార్తిక్‌కి వారం రోజుల శిక్షణ వేశారు. చూసినవాడు ఆర్నెల్లు పరీక్ష గడప తొక్కకూడదు. ఆ తొమ్మిదింటినీ తెప్పించి, చిరుగులు గుర్తించి, సర్టిఫికెట్ ఉన్న మనిషి సంతకంతో పక్కన పెట్టాలి.

మర్నాడు బల్ల మీద మొదటిది పరిచి, బాబ్జీ సుద్దతో సున్నా చుట్టాడు. కార్తిక్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ఏదయ్యా? నాకేం కనపట్టంలా."

బాబ్జీ అతని వేలు పట్టుకుని చిరుగు మీద పెట్టాడు.