జనరేటరుకు చక్రాలు

మా జనరేటరు చెరువు గట్టు చివరి మూలలో, సిమెంటు దిమ్మ మీద బోల్టులతో బిగించి ఉండేది. దానికి సొంత ఇంజను లేదు. కరెంటు పోతే ట్రాక్టరును దాని దగ్గరకు వెనక్కి తీసుకెళ్లి, ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టును దానికి తగిలించాలి. అప్పుడు చెరువులో ఏరియేటర్లు తిరుగుతాయి. అవి తిరగకపోతే గాలి అందక రొయ్యలు పైకి తేలిపోతాయి. రొయ్యల చెరువున్న ఇంట్లో కరెంటు పోయిందంటే తింటున్న కంచం ముందు నుంచైనా లేచి పరుగెత్తాల్సిందే. మా ఆయన అలాగే పరుగెత్తారు. నేను కలిపి పెట్టిన పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

వాన పడుతున్న మధ్యాహ్నం అది. ఆయన మెడలో తువ్వాలు ఉంది. తిరుగుతున్న షాఫ్టు మీదకు ఎందుకు వంగారో ఎవరికీ తెలియదు. తువ్వాలు దానికి చుట్టుకుంది. షాఫ్టు మీద ఉండాల్సిన కవరు లేదు. మా వైపు ఏ ట్రాక్టరుకీ ఉండదు. గ్రీజు కొట్టడానికి అడ్డమని బండి కొన్న కొత్తలోనే పీకి పాకలో పడేస్తారు. మా పాకలోనూ ఉంది, స్టిక్కరు కూడా చెరగకుండా. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆసుపత్రి నుంచి తెచ్చాక ఆయన్ని గేటు బయటే పడుకోబెట్టారు. బయట పోయినవాళ్లను ఇంట్లోకి తేకూడదట. ఆ ఇంటికి దగ్గరుండి పునాది తీయించింది ఆయనే, గోడలు తడిపింది ఆయనే. ఆ ఇంటి ముందే, రోడ్డు మీద, టార్పాలిన్ కింద పడుకున్నారు. మా అత్తగారు గేటు ఊచలు పట్టుకుని, "ఒక్కసారి లోపలికి తీసుకురండి బాబూ, ఒక్కసారి గడప దాటనివ్వండి" అని కనిపించిన పెద్దమనిషినల్లా బతిమాలారు. ఎదురింటి పెద్దాయన, "కూడదండి. ఇంట్లో ఆడపిల్లలున్నారు, ఊరికీ మంచిది కాదు" అని తేల్చేశారు. ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు మా వీధిలో లేరు. ఇప్పటికీ ఆయన మా ఇంటికొస్తే మంచినీళ్లిస్తాను గానీ కూర్చోమనను.

ఆనాటి నుంచి అత్తగారిది ఒకటే మాట. "వాడు ఇంటికి రాలేదమ్మాయ్." గాలికి గేటు గొళ్లెం కదిలితే చాలు, లేచి వెళ్లి చూసేవారు. మొదట్లో కసురుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆవిడ వెనకే నేనూ వెళ్లి చూసేదాన్ని. రోడ్డు ఖాళీగా ఉండేది. గొళ్లెం వేసి ఇద్దరం లోపలికి వచ్చేవాళ్లం.

గట్టు మీద సంగతి ఇంకో రకం. మేత చల్లేవాళ్లు ఆ మూలకు వెళ్లడం మానేశారు. ట్రాక్టరు లేకుండానే జనరేటరు మోత వినిపిస్తోందని ఒకడన్నాడు. దిమ్మ మీద తడి తువ్వాలు ఆరేసి ఉందని ఇంకొకడన్నాడు. కాపలావాడు ఆ మాట విని మూట సర్దుకుపోయాడు. నేను వాళ్లను నానా మాటలూ అన్నాను. కానీ ఆ మోత నాకూ వినిపించేది. కుక్కరు ఈల ఆగాక వంటింట్లో ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటుంది కదా, సరిగ్గా అప్పుడు.

సంవత్సరీకాలయ్యాక సిద్ధాంతిగారిని అడిగితే, యంత్రానికి దోషం లేదు, చోటుకే ఉంది, యంత్రాన్ని అక్కడి నుంచి కదపమన్నారు. చంపింది యంత్రమైతే తప్పు గట్టుదా అని నవ్వొచ్చింది నాకు. అయినా చెరువు బతకాలి, మేం బతకాలి. కొత్తది కొనే ఓపిక లేదు. ఏ గట్టు మీదకైనా లాక్కెళ్లేలా దానికి చక్రాల బండి కట్టిద్దామని మా మరిదితో అన్నాను.

మరిది పాత జీపు ఇరుసు ఒకటి వెతికి తెచ్చాడు. నరసాపురం రోడ్డులో వెల్డింగు షాపు దగ్గర ఇనప ఛానళ్లు కోయించి చట్రం అతికించాడు. ముందు ట్రాక్టరుకు తగిలించే కొక్కెం, నాలుగు మూలలా దించే జాకీ కాళ్లు. జనరేటరు తిరిగేటప్పుడు బండి చక్రాల మీద నిలబడకూడదు. అదురుకి జరిగిపోతుంది, షాఫ్టు వంకరపోతుంది. అందుకే కాళ్ల మీదే నిలబెట్టాలి. నేను రోజూ వెళ్లి అక్కడ స్టూలు వేసుకుని కూర్చున్నాను. పాకలో పడున్న కవరు కూడా నా చేతులతో తీసుకెళ్లాను.

"కవరుంటే గ్రీజు కొట్టడం ఇబ్బందండి వదినా" అన్నాడు మరిది.

"ఇబ్బంది పడు" అన్నాను. వాడు కవరు అందుకున్నాడు.

దిమ్మ మీద బోల్టులు తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. గ్యాసు మంటతో కోస్తే గానీ ఊడలేదు. బండిని అవతలి గట్టు మీదకు లాక్కెళ్లి కాళ్లు దించి, మరిది ట్రాక్టరు స్టార్టు చేశాడు. మోత మొదలైంది. వంటింట్లో నాకు వినిపించే మోత అదే, రవ్వంత తేడా లేదు. ఏరియేటర్లు తిరిగి నీళ్లు తెల్లగా లేచాయి. మేత చల్లేవాళ్లు సంతోషంగా అరిచారు. నాకు మాత్రం ఆయన ఆ మోత వెనక నుంచి ఏదో చెబుతున్నట్టు, నాకు వినపడనట్టు ఉంది.

పొద్దు వాలుతుంటే మరిది అన్నాడు, "గట్టు మీద వదిలేస్తే రాగి తీగ కోసం ఎత్తుకుపోతారు వదినా. కాపలావాడు కూడా లేడు. ఇంటికి తోలుకుపోదామా?" ఆ సంగతి నాకు ముందు తట్టనే లేదు. చక్రాలు పెట్టించింది దాన్ని దూరంగా లాగెయ్యడానికి, నా వాకిట్లోకి తెచ్చుకోవడానికి కాదు.

ట్రాక్టరు గేటు ముందు ఆగింది. టార్పాలిన్ కట్టిన చోట, ఆయన్ని పడుకోబెట్టిన చోట, వెనక ఆ బండి నిలబడింది. మరిది దిగలేదు. స్టీరింగు పట్టుకుని తల వంచుకున్నాడు.

అత్తగారు చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చారు. నీళ్లు నా మొహాన కొడతారేమో అనుకున్నాను. ఆవిడ నన్ను దాటి రోడ్డు మీదకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక చక్రం మీద, తర్వాత రెండో చక్రం మీద నీళ్లు పోశారు. అంటుకున్న బురదను కొంగుతో తుడిచారు.

"చెరువు మీంచి వచ్చాడు కదా, కాళ్లనిండా బురదే" అన్నారు. "గేటు తియ్యమ్మాయ్."

ఆయన్ని చంపిన ఇనుము అది. అది నా ఇంట్లోకి రావడం నాకు ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. ఎదురింటి అరుగు మీద పెద్దాయన లేచి నిలబడి మా వైపే చూస్తున్నారు. ఆయన నోరు తెరిచేలోపు నేను గేటు రెండు రెక్కలూ బార్లా తీశాను.