ఇల్లు దాటేముందు ఒక్క అచ్చు

1997లో చేతివృత్తుల వస్తువులు అమ్మే ఒక ప్రభుత్వ దుకాణానికి కొనుగోలు అధికారిగా నన్ను బందరు వేశారు. కొత్త షోరూములో పురాతన వస్తువుల బీరువా నింపడం నా మొదటి పని. ఒకరోజు గుడివాడ పాత సామాన్ల కొట్లో చెక్కుచెదరని గాజు లాంతరు చిమ్నీ దొరికింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తుంటే నా సంబరానికి పట్టపగ్గాల్లేవు.

ఆ ఊపులోనే బందరులో కలంకారీ అద్దకం చేసే వీరాస్వామి గారింటికి వెళ్లాను. ఆయన దగ్గరున్న టేకు అచ్చు మీద నెమలి ఈకలు వెంట్రుకంత సన్నగా చెక్కి ఉన్నాయి. నాకు కాలు నిలవలేదు. మిల్లుల్లో అచ్చేసిన చవక బట్ట వచ్చాక తన సరుకు అడిగేవాళ్లే లేరని, అచ్చు అమ్మేసి కోడూరులో రొయ్యల చెరువు కాపలాకు వెళ్తున్నానని ఆయన చెప్పారు.

మా ఫారంలో 'వాడుకలో ఉన్నదా?' అని ఒక గడి ఉంటుంది. వాడుకలో ఉన్నదాన్ని పురాతన వస్తువుగా కొనకూడదు. తొందరలో ఆయన్ని అడక్కుండానే 'లేదు' అని రాసేసి, సంతకం పెట్టమన్నాను.

"ఒక్క నిమిషం ఆగండి సార్. ఇల్లు దాటేముందు అచ్చును ఒకసారి బట్ట మీద పెట్టాలండి. మా నాన్న అలాగే చేసేవాడు" అన్నారాయన.

పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో తడిపి ఎండేసిన బట్టను ఆయన భార్య బల్ల మీద పరిచారు. తుప్పు ఇనుము, బెల్లం మురగబెట్టిన నీళ్లలో ఆయన అచ్చు అద్ది, బట్ట మీద పెట్టి పిడికిలితో ఒక దెబ్బ వేశారు. అచ్చు తీసేసరికి పాలిపోయిన గీతలే ఉన్నాయి. కరక్కాయ, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. చూస్తుండగానే నెమలి నల్లగా తేలింది. ఒక్క ఈక చెదరలేదు.

"ఇంకోటి వేయండి!" అని అరిచాను. బట్ట నిండేదాకా ఆయన ఆగలేదు.

"వాడుకలో లేదని రాశారుగా, మరి ఇదేంటండీ?" అని ఆవిడ నవ్వారు. నాకు సిగ్గేసింది.

ఫారం మీద అడ్డగీత కొట్టి 'రద్దు' అని రాశాను. నా సంతకంతో ఇవ్వగలిగినంత పెద్ద ఆర్డరు, నెమలి దుప్పట్లకు రాసిచ్చాను. అంత పెద్ద ఆర్డరు ఎందుకని పై అధికారి సంజాయిషీ అడిగితే ఆ బట్టనే జవాబుకు జతచేసి పంపాను. మళ్లీ ప్రశ్న రాలేదు. వీరాస్వామి గారు కోడూరు వెళ్లలేదు.

షోరూము ప్రారంభం రోజు బీరువాలో చిమ్నీ పక్కన అచ్చు కోసం ఉంచిన చోటు ఖాళీగా ఉంది. కారణం అడిగినవాళ్లకు దుప్పట్లు చూపించాను. పాత వస్తువు కొనేముందు దాన్ని ఒకసారి పని చేయనివ్వాలని అక్కడ నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ గడిని అడక్కుండా నింపలేదు.