బీరువాతో మొదలైన మా వింటర్ ట్రెయిల్

మా ట్రక్కుల క్లబ్బు వింటర్ ట్రెయిల్ ఎలా మొదలైందని ఎవరైనా అడిగితే మావాళ్ళు గొప్పగా "అదంతా మన మూర్తి ఐడియా!" అంటారు. ఆ మూర్తిని నేనే. ఐడియా లేదు, ఏటీ లేదు! ఒక వాయిస్ మెసేజ్ వెళ్ళకూడని చోటికి వెళ్ళింది. అంతే.

అనకాపల్లిలో ఫోర్ బై ఫోర్ బళ్ళున్నవాళ్ళం కలిసి పెట్టుకున్న క్లబ్బు మాది. ఆఫ్ రోడ్ క్లబ్బని పేరే గానీ మేం రోడ్డు దిగిన పాపాన పోలేదు. ఆదివారం పొద్దున్నే బైపాస్ టీ కొట్టు ముందు బళ్ళు వరసగా పెట్టుకుని, ఒకళ్ళ టైర్లని ఒకళ్ళు మెచ్చుకుని, ఇంటికెళ్ళి శుభ్రంగా బండి కడుక్కునేవాళ్ళం. బురద ఎక్కడిదని మాత్రం అడక్కండి.

ఇక మా అత్తగారి సంగతి. చెరుకు తోట దగ్గరుండి చూసుకుంటానని ఆవిడ చీడికాడ అవతల వాళ్ళ సొంత పల్లెలో మళ్ళీ ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయేరు. సామాను మాత్రం మా ఇంట్లో పడేసేరు. అందులో ఓ ఇనప బీరువా. అది వచ్చేక మా బెడ్రూమ్‌లో నేను పక్కకి తిరిగి నడవడం నేర్చుకున్నాను. చివరికి ఓ రోజు మా ఆవిడ పద్మ, "ఈ ఆదివారం అమ్మకి బీరువా ఇచ్చేసి వద్దామండీ" అంది. ఆనందం పట్టలేక వెంటనే బావమరుదుల గ్రూపులో మెసేజ్ పెట్టేను.

"ఆదివారం పొద్దున్నే చీడికాడ వైపు! దారి ఘోరం. బురద, గట్లు, మధ్యలో గెడ్డ నీళ్ళలో దిగి దాటాలి. బళ్ళూ తాళ్ళూ తెచ్చుకోండి. ఒంట్లో సత్తా ఉన్నోళ్ళే రండి!"

అది వెళ్ళింది క్లబ్బు గ్రూపులోకి.

స్నానం చేసి వచ్చి చూద్దును కదా, అందరూ "నేను రెడీ" "నేనూ రెడీ" అని పెట్టేసేరు. మా క్లబ్బులో సత్తిబాబుది ఫ్లెక్సీల షాపు. వాడైతే పోస్టరే చేసి పడేసేడు. 'వింటర్ ట్రెయిల్! లీడర్: మూర్తి' అని రాసి, నా ఫోటో పెట్టి, వెనకాల తెల్లటి మంచు కొండలు పెట్టేడు. చీడికాడలో మంచు కొండలు!

అప్పుడైనా "పొరపాటయింది బాబూ" అని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఫోటోలో నేను బాగా వచ్చేను.

ఆదివారం అందరూ జాకెట్లు, నల్ల కళ్ళద్దాలు, కొత్త తాళ్ళతో దిగిపోయేరు. నా ట్రక్కు వెనక నిటారుగా బీరువా. సత్తిబాబు దాని చుట్టూ ఓసారి తిరిగేడు.

"ఇదేటి బావా?"

"లోడ్ టెస్టింగ్."

"అబ్బో!" అని సెల్ఫీ తీసుకున్నాడు. పక్క సీట్లో పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గెడ్డ దగ్గరికి చేరేసరికి ఇంకా పొగమంచు వీడలేదు. లీడర్ని కదా, ముందు నేనే దిగేను.

"కుడి పక్కనుంచి పోనివ్వండి, అక్కడ కింద రాళ్ళుంటాయి" అంది పద్మ. ఆవిడ పుట్టి పెరిగిన ఊరు మరి.

"నాకు తెలుసులే" అని ఎడమకి తిప్పేను.

ముందు చక్రాలు కూరుకుపోయేయి. నేను యాక్సిలరేటర్ తొక్కేను. వెనక చక్రాలు కూడా కూరుకుపోయేయి. బీరువా ఓ పక్కకి ఒరిగింది, తలుపు తెరుచుకుంది.

"కంగారు పడకు, ఖాళీదే కదా" అన్నాను.

"ఖాళీ ఏటండీ! అమ్మ పట్టుచీరలన్నీ అందులోనే ఉన్నాయి!"

చూస్తూండగానే చీరలు నీళ్ళలో సాగిపోతున్నాయి. నేను దిగుదామని డోరు తోస్తే బురదకి అది కదల్లేదు. మావాళ్ళు మాత్రం బురదా గిరదా చూసుకోకుండా గెడ్డలోకి దూకేసేరు. "ఎర్రది పట్టు మామా!" "ఆకుపచ్చది అటు పోతంది!" అని అరుచుకుంటూ ఒక్కటీ వదలకుండా పట్టేరు. ఆ తరవాత గుర్తొచ్చి నన్నూ, నా ట్రక్కునీ లాగేరు.

తడి చీరలు బానెట్ల మీద పరిచి, తాళ్ళకి ఆరేసి, హారన్లు కొట్టుకుంటూ ఊళ్ళోకి వెళ్తే అరుగు మీద ముసలాయన లేచి నిలబడి అడిగేడు: "ఏ పార్టీ బాబూ?"

అత్తగారు గుమ్మంలోకి వచ్చేరు. చీరల్ని చూసేరు. నన్ను చూసేరు. ఆ చూపు గురించి నేను మాట్లాడను. తరవాత బళ్ళకేసి చూసేరు.

"ఒక్క బీరువాకి ఇన్ని బళ్ళేటి బాబూ?"

సత్తిబాబు బురద చేతుల్తోనే దణ్ణం పెట్టేడు. "ట్రెయిల్ అండి అత్తయ్యగారూ."

"ట్రయలా!" ఆవిడ మొహం వెలిగిపోయింది. "మరి అసలుదెప్పుడు? నా మంచం, డైనింగ్ టేబులు, ఫ్రిజ్జు ఇంకా అక్కడే ఉండిపోనాయి."

అయిపోయింది, ఇక నా పరువు గెడ్డలో కలిసిందనుకున్నాను. చూస్తే మావాళ్ళు చెవుల దాకా బురదతో, పండగ చేసుకున్నట్టు నవ్వుతున్నారు. వాళ్ళ బళ్ళకి బురద అంటడం అదే మొదలు మరి! "వచ్చే చలికాలం వత్తాం అత్తయ్యగారూ! ఏటేటా వత్తాం!" అని ఒకటే కేకలు.

అన్నట్టే వచ్చేరు. మంచం వెళ్ళింది. తరవాతి చలికి టేబులు వెళ్ళింది. ఈ మధ్య నేను, "మినీ వ్యాను మాట్లాడి మిగతావన్నీ ఒకేసారి పంపించేద్దాం" అంటే క్లబ్బంతా నా మీద పడిపోయింది. "అలాగైతే మన ఈవెంటు ఏటైపోద్ది బావా!"

పెద్ద పెద్ద క్లబ్బులకి స్పాన్సర్లుంటారట. మాకు మా అత్తగారి సామానుంది. అది అయిపోకుండా ఇంట్లో కాపలా కాయడమే ఇప్పుడు ఫౌండర్‌గా నా డ్యూటీ.