అమ్మ ఊపిరి తీసుకునే చోట

దెయ్యాల్ని నమ్మే రకాన్ని కాదు నేను. విజయనగరంలో ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాను. కరెంటు ఉన్నంతసేపే ర్యామ్‌లో ఏదైనా ఉంటుంది, ఆపేస్తే అక్షరం కూడా మిగలదని వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాను. పోయినవాళ్ల సంగతీ అంతేనంటే, చర్చికెళ్లేవాడు అనాల్సిన మాటేనా అని మా అక్క తిట్టేది.

అక్క పేరు రూతు. పెళ్లి చేసుకోలేదు. నెల్లిమర్లలో అమ్మతో, నాతో ఉండేది. ఆదివారం ఆరాధనలో తెర మీద వేసే పాటలన్నీ శనివారమే తన పాత ల్యాప్‌టాప్‌లో టైపు కొట్టి ఉంచేది. ఒక లైనులో మూడు మాటలుంటే తర్వాతి లైనులో ఒకటే ఉండేది. ఎలుకలు కొరికినట్టుందని నేను వెక్కిరించేవాణ్ణి.

అమ్మకు ఆయాసం. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో సరిగ్గా అక్కడే అక్క లైను విరిచేది. అలా తెర చూసుకుంటూ అమ్మ పాట ఆఖరుదాకా పాడేది.

కిందటేడు నాలుగు రోజుల జ్వరంతో అక్క పోయింది. ప్రభువునందు నిద్రించిందని చర్చిలో అన్నారు. నాకు మాత్రం ఇల్లంతా బోసిపోయింది.

ఆ తర్వాత అక్క ల్యాప్‌టాప్‌లోనే పాటలు కొట్టే పని శాంతి అనే అమ్మాయి తీసుకుంది. అందరిలాగే నిండు లైన్లు కొట్టేది. రెండో లైనుకే అమ్మకు ఊపిరి అందేది కాదు. కొన్నాళ్లకు పాడటమే మానేసింది. "ఏటి పాడతాన్రా, అందట్లేదు" అంది. అక్క పోయిన దుఃఖం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ తినేసింది.

ఆ ల్యాప్‌టాప్ మరీ నత్తనడక నడుస్తోందని శాంతి చెబితే, షాపుకి తెచ్చి విప్పాను. లోపల ఫ్యానుకు అక్క వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. పాత ర్యామ్ తీసి జేబులో వేసుకుని కొత్తది పెట్టాను. డిస్కు కూడా మార్చేశాను. అక్క కొట్టినవేవీ అందులో మిగల్లేదు.

ఆ శనివారం శాంతి మా ఇంట్లో కూర్చునే పాట కొట్టింది. పాస్టరుగారు ఆ వారమే రాసిన పాట, అక్క ఎరగనిది. నిండు లైన్లే కొట్టింది. నేను పక్కనే ఉన్నాను.

మర్నాడు ఉదయం తెర మీద ఆ పాట పడింది. మొదటి లైనులో మూడు మాటలు. తర్వాత ఒకటి. ఆ తర్వాత రెండు. నా పక్కన అమ్మ గొంతు సన్నగా లేచింది. నాలుగు చరణాలూ ఒక్క దగ్గు లేకుండా పాడింది. నేను తెర చూడటం మానేసి అమ్మనే చూస్తూ ఉండిపోయాను.

ఆరాధన అయ్యాక ఫైలు తెరిచాం. నిండు లైన్లే ఉన్నాయి. "నేనలా కొట్టనేదన్నా, నువ్వూ సూసినావు కదా" అంది శాంతి. అక్షరాలు పెద్దవై లైన్లు వాటంతటవే విరిగాయేమో అని ఎవరో అన్నారు. అలాగైతే తెర అంచు దగ్గర విరగాలి గానీ ఒక్క మాటకే ఎందుకు విరుగుతాయి?

ఇంటికి వస్తుంటే ఆటోలో అమ్మ అడిగింది. "ఎవులు కొట్టినార్రా? నా ఊపిరి దానికి తప్ప ఎవులికీ తెలీదు."

మళ్లీ ఎప్పుడూ అలా జరగలేదు. ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఆ పాత ర్యామ్ తిరిగి పెట్టి చూశాను. నా వృత్తికే సిగ్గుచేటు. అయినా నిండు లైన్లే పడ్డాయి.

అమ్మ పాడిన ఆ రోజు ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. పోనీ నేనే విరుద్దామని ఒక శనివారం ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మొదటి లైను దగ్గరే ఆగిపోయాను. చిన్నప్పటి నుంచీ అమ్మ పక్కనే కూర్చుని పాడాను గానీ, ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఏనాడూ వినలేదు. అమ్మనే అడిగాను.

"నాకేటి తెలుసురా" అంది. "అది సూసుకునీది."